లేవీయకాండం, ఊరి మైల, ప్రభువు బల్ల

2013 సెప్టెంబరులో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు (సీఎస్ఐ) ఆమే తొలి మహిళా బిషప్. స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం ఆ సంఘంలో 1976లోనే మొదలైంది. రొట్టె విరిచే చెయ్యి స్త్రీదైనా సరేనని సీఎస్ఐ ఒప్పుకుని అర్ధ శతాబ్దం కావస్తోంది. అయినా తెలుగు పల్లెల్లో ముట్టు వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల సంస్కారానికి లేవకుండా కూర్చున్నచోటే ఉండిపోయే స్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ళను ఆపే నియమం లేవీయకాండంలో ఉందని కొందరు బోధకులంటారు. అది ఊరి ఆచారమే, బైబిలు పేరు చెప్పుకుని గుళ్ళోకి వచ్చిందని మరికొందరంటారు. పరిశుద్ధత అన్నాక ఆ మాత్రం భయం ఉండాల్సిందేనని ఇంకొందరంటారు.

ప్రశ్న ముట్టుతో ఆగదు. నల్ల (జంతువుల రక్తం) వండుకోవచ్చా? పండక్కి పొరుగింటివాళ్ళు పంపిన ప్రసాదం తినొచ్చా? పంది మాంసం సంగతేమిటి? బాలింత ఎన్నాళ్ళకు గుడికి రావాలి? చావింటికి వెళ్ళొచ్చి స్నానం చెయ్యకుండా ప్రార్థనలో కూర్చుంటే తప్పా? జూపాడు బంగ్లా నుంచి ఆళ్ళగడ్డ దాకా ఏ సంఘంలో అడిగినా వీటికి కనీసం రెండు జవాబులు వస్తాయి. కారణం, శుద్ధి అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు పోగుపడ్డాయి. ఒకటి మోషే ధర్మశాస్త్రంలోని తాత్కాలిక అశుద్ధి. రెండోది ఊరు పుట్టుకతో అంటగట్టే మైల. మూడోది ఉజ్జీవ సంఘాలు కోరే నైతిక పరిశుద్ధత. ఈ మూడూ ఎప్పుడు, ఎలా కలిసిపోయాయో చూస్తే తప్ప వాదన విడివడదు.

ధర్మశాస్త్రం చెప్పినదీ చెప్పనిదీ

లేవీయకాండం 11 నుంచి 15 దాకా ఉన్న అధ్యాయాలు, సంఖ్యాకాండం 19 ఈ చర్చకు మూలం. 11లో తినదగినవి, తినరానివి. ఒంటె, కుందేలు, పంది నిషిద్ధం. నీళ్ళలో రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్నవే తినాలి. ఆ లెక్కన రొయ్య, పీత, వాలుగ చేప పనికిరావు. 12లో బాలింత నియమం: మగబిడ్డయితే మొత్తం 40 రోజులు, ఆడబిడ్డయితే 80. 13, 14 అధ్యాయాల్లో చర్మం మీద, బట్టల మీద, ఇంటి గోడల మీద కనిపించే మచ్చలు. 15లో శరీర స్రావాలు. సంఖ్యాకాండం 19లో శవాన్ని ముట్టినవారికి ఏడు రోజుల అశుద్ధి, ఎర్రని పెయ్య బూడిద కలిపిన నీళ్ళతో శుద్ధి.

మైలకు అలవాటుపడ్డ కళ్ళతో ఈ అధ్యాయాలు చదివితే కొన్ని సంగతులు కనబడకుండా పోతాయి. ఇవేవీ పాపాలు కావు. బిడ్డను కనడం ధర్మశాస్త్రం దృష్టిలో ఆశీర్వాదం. కన్నవాళ్ళను పాతిపెట్టడం బాధ్యత, ఆ బాధ్యత తీర్చినవాడికే అశుద్ధి అంటుతుంది. పైగా ప్రతిదానికీ గడువుంది: సాయంత్రం దాకా, ఏడు రోజుల దాకా, నలభై రోజుల దాకా. నీళ్ళు, కాలం, అర్పణ అనే మూడింటితో బయటపడే దారి ఆ నియమంలోనే రాసి ఉంది. ఇంకో విషయం, ఇది పుట్టుకను పట్టి రాదు. శవాన్ని ముట్టినా, స్రావం కలిగినా అహరోను వంశంలో పుట్టిన యాజకుడికీ అశుద్ధి తప్పదు. అతని విషయంలో నియమాలు ఇంకా కఠినం.

15వ అధ్యాయంలో దాదాపు సగం మగవాళ్ళ గురించి. వీర్యస్ఖలనమైన పురుషుడు ఒళ్ళంతా కడుక్కుని సాయంత్రం దాకా అశుద్ధుడుగా ఉండాలి, దంపతులు కలిసిన రాత్రి ఇద్దరికీ అదే నియమం. ఇదే అధ్యాయం చూపించి ముట్టులో ఉన్న స్త్రీని బల్లకు దూరం పెట్టే బోధకులు 16వ వచనం మాత్రం ఎత్తరు. ఎత్తితే ఏ ఆదివారమైనా మగవాళ్ళ వైపు చాలామంది కూర్చున్నచోటే ఉండిపోవలసి వస్తుంది.

ఈ గడువున్న అశుద్ధి ఒక రకం. లేవీయకాండం 18 నుంచి 20 దాకా, సంఖ్యాకాండం 35లో చెప్పేది వేరు. వావివరసలు తప్పడం, పిల్లల్ని మోలెకుకు అర్పించడం, నరహత్య వంటివాటికి స్నానం లేదు, సాయంత్రం గడువు లేదు. వాటివల్ల దేశమే అపవిత్రమవుతుంది, తనలో ఉన్నవాళ్ళను కక్కేస్తుంది. యూదు పండితుడు జోనథన్ క్లావన్స్ 2000లో వచ్చిన తన గ్రంథంలో ఈ రెంటినీ ఆచార అశుద్ధి, నైతిక అశుద్ధి అని విడదీసి చూపాక చర్చకు కొంత స్పష్టత వచ్చింది.

ఆ విభజనను రాయలసీమ నేల మీదికి తెస్తే ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడుతుంది. సంఖ్యాకాండం 35 ప్రకారం నేలను అపవిత్రం చేసేది చంపి చిందించిన రక్తం. దశాబ్దాలపాటు ఫ్యాక్షన్ హత్యలు చూసిన ప్రాంతమిది. ఇక్కడ శుద్ధి గురించిన బోధ నెలసరి దగ్గరే ఎందుకు ఆగుతోంది, వేటకొడవలి దాకా ఎందుకు పోదు అన్నది అడగవలసిన ప్రశ్న. మొదటిదానికి ధర్మశాస్త్రం ఏడు రోజుల గడువిచ్చింది, రెండోదానికి ఏ గడువూ ఇవ్వలేదు.

పంక్తి దగ్గర మొదలైన తగువు

యేసు శుద్ధి నియమాలను కొట్టేశాడన్నది మన ప్రసంగాల్లో తరచూ వినే మాట. సువార్తలు అంత సూటిగా చెప్పవు. మార్కు మొదటి అధ్యాయంలో ఆయన కుష్ఠురోగిని ముట్టి బాగుచేస్తాడు, వెంటనే యాజకుడికి కనబడి మోషే విధించిన అర్పణ ఇవ్వమని పంపుతాడు. అయిదో అధ్యాయంలో పన్నెండేళ్ళ రక్తస్రావంతో ఉన్న స్త్రీ వెనకనుంచి వచ్చి వస్త్రం ముడుతుంది. ఆయన ఆమెను మందలించడు, అలాగని నియమాన్ని విమర్శించడు కూడా. ఆమె స్రావం ఆగిపోతుంది. ఏడో అధ్యాయంలోని వాదన చేతులు కడుక్కోవడం గురించి. భోజనానికి ముందు ప్రతివాడూ చేతులు కడగాలన్న నియమం లేవీయకాండంలో లేదు, అది పెద్దల పారంపర్యాచారం. భోజన పదార్థాలన్నీ పవిత్రమేనన్న మాట ఆ సందర్భంలో మార్కు చేర్చిన వ్యాఖ్య. దాని పరిధి ఎంతవరకు అన్న విషయంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

అసలు మలుపు అపొస్తలుల కార్యాల్లో ఉంది. యొప్పేలో మిద్దె మీద పేతురుకు దర్శనం కలుగుతుంది, దుప్పటిలో అన్ని రకాల జంతువులూ దిగుతాయి. దాని అర్థాన్ని పేతురే కొర్నేలీ ఇంట్లో చెబుతాడు: ఏ మనిషినీ అపవిత్రుడనకూడదు. తిండి మీద వచ్చిన దర్శనాన్ని ఆయన మనుషుల మీదికి తిప్పి చదివాడు. తర్వాత అంతియొకయలో అదే పేతురు అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి మనుషులు వచ్చేసరికి పంక్తిలోంచి లేచిపోయాడు. పౌలు ముఖం మీదే ఎదిరించాడు. ఆది సంఘంలో పెద్ద తగువు సహపంక్తి భోజనం దగ్గర వచ్చిందన్న సంగతి తెలుగు పాఠకుడికి వేరే వివరించనక్కర్లేదు.

సున్నతి వివాదాన్ని తేల్చడానికి కూడిన యెరూషలేము సభ అన్యజనుల మీద నాలుగు నిబంధనలే పెట్టింది: విగ్రహాలకు అర్పించినవి, జారత్వం, గొంతు పిసికి చంపినవి, రక్తం. వీటిలో రెండు నేటికీ మన వంటింట్లో ఉన్నాయి. రక్తం తినరాదన్న నియమాన్ని తూర్పు సంఘాలు గట్టిగా పట్టుకున్నాయి. పడమటి సంఘం క్రమంగా వదిలేసింది, తన కాలానికే అది పాటింపులో లేదని అగస్టీను రాశాడు. తెలుగునాట పెంతెకొస్తు, బ్రదరెన్ బోధకులు చాలామంది నల్ల తినొద్దంటారు. పాత మిషన్ సంఘాలు ఆ ఊసెత్తవు. ప్రసాదం మీద ఇరుపక్షాలూ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికనే చూపిస్తాయి. 8వ అధ్యాయం చదివితే విగ్రహం వట్టిదే, తిండితో దేవుడికి దగ్గర కాము, దూరమూ కాము. 10వ అధ్యాయం చదివితే దయ్యాల బల్లలో పాలు పంచుకోకూడదు. పౌలు రెంటినీ కలిపి ఇచ్చిన ఆచరణ సలహా సూక్ష్మమైంది: అంగట్లో కొన్నది అడక్కుండా తిను, ఇంటికి పిలిస్తే పెట్టింది తిను, ఎవరైనా పనిగట్టుకుని ఇది అర్పించినదని చెబితే వాళ్ళ మనస్సాక్షి కోసం మానెయ్. బోధకులకు ఈ సలహా కన్నా అవును, కాదు అన్న జవాబులే సులువుగా ఉన్నట్టున్నాయి.

బల్ల దగ్గర స్త్రీ

తిండి నియమాలు త్వరగానే సడలిపోయాయి. స్త్రీ శరీరానికి సంబంధించినవి సడలలేదు. మూడో శతాబ్దంలోనే రెండు గొంతులు వినిపిస్తాయి. సిరియా ప్రాంతపు సంఘ నియమావళి డిడస్కాలియా, ముట్టు రోజుల్లో ప్రార్థనకూ సంస్కారానికీ దూరంగా ఉండే స్త్రీలను గట్టిగానే మందలించింది. బాప్తిస్మంలో పొందిన ఆత్మ ఆ ఏడు రోజులూ వదిలిపోతాడా అన్నది దాని వాదన సారం. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయోనీసియస్ మాత్రం అలాంటి స్త్రీలు పరిశుద్ధ బల్లను సమీపించకూడదన్నాడు. 601 ప్రాంతంలో ఇంగ్లండుకు వెళ్ళిన మిషనరీ, మరో అగస్టీను, అడిగిన ప్రశ్నలకు పోప్ గ్రెగరీ పేరిట ఉన్న జవాబు మధ్యస్థంగా ఉంది: ఆమెను ఆపకూడదు, భక్తితో తనంతట తాను ఆగితే మెచ్చుకోవచ్చు. మన పల్లె సంఘాల్లో నడుస్తున్నది సరిగ్గా ఈ రెండో సగమే. ఎవరూ ఆపరు. తనంతట తానే ఆగుతుంది, మెచ్చుకోలు దక్కుతుంది. ఆపకుండానే ఆగేలా చేసే ఆ మెచ్చుకోలు ఒత్తిడి కాదా అన్నది గ్రెగరీ ముందుకు రాని ప్రశ్న.

బాలింత విషయంలో ఆంగ్లికన్ చరిత్ర ఆసక్తికరం. 1549 ప్రార్థన పుస్తకంలో బాలింత గుడికొచ్చే క్రమం పేరు స్త్రీల శుద్ధి. మూడేళ్ళకే, 1552లో, దాన్ని ప్రసవానంతర కృతజ్ఞతాస్తుతిగా మార్చారు. అశుద్ధి మాట పోయింది, క్రమం మిగిలింది. రోమన్ క్యాథలిక్కులు ఫిబ్రవరి 2న జరిపే మరియమ్మ శుద్ధి పండుగ పేరు 1969 పంచాంగ సంస్కరణలో ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగగా మారింది. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం మాత్రం 40, 80 రోజుల లెక్కను నేటికీ బాప్తిస్మానికి వర్తింపజేస్తుంది. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పురుడు పోసుకున్నాక బాలింతను, బిడ్డను గుడికి తెచ్చి స్తోత్రార్పణ ఇచ్చే అలవాటులో ఈ పాత ఆంగ్లికన్ క్రమమూ, ఊరి పురుడూ, లూకా రెండో అధ్యాయమూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. బాలింతకు ఆ నలభై రోజులూ విశ్రాంతి దక్కుతుందన్న సమర్థన ఉంది. దాన్ని తోసిపుచ్చలేం, విశ్రాంతికి అశుద్ధి ముద్ర ఎందుకన్న ఎదురు ప్రశ్ననూ తోసిపుచ్చలేం.

వివరణ దారులు

పాత నియమాలకు నేటి అర్థం వెతికినవాళ్ళు ప్రధానంగా నాలుగు దారులు పట్టారు. అతి పాతది ఆత్మీయార్థం. నెమరువేయడమంటే వాక్యాన్ని ధ్యానించడం, చీలిన డెక్క అంటే మంచిచెడులు విడదీసుకోవడం. మూడో శతాబ్దపు ఓరిజెన్ నుంచి ఇవాళ్టి ఉపవాస కూటాల దాకా ఇది నడుస్తూనే ఉంది. భక్తికి పనికొస్తుంది, వాదనను తేల్చడానికి పనికిరాదు. ఎవరి ఊహ వాళ్ళది.

రెండోది ధర్మశాస్త్రాన్ని నైతిక, ఆచార, న్యాయ విధులుగా మూడు ముక్కలు చేయడం. మధ్యయుగ వేదాంతి అక్వినాస్ దీన్ని వివరంగా చెప్పాడు, 1646 వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం స్థిరపరిచింది, మన సండేస్కూళ్ళు ఇదే నేర్పుతాయి. ఆచార విధి క్రీస్తుతో తీరిపోయింది, నైతిక విధి మిగిలింది. చిక్కేమిటంటే ధర్మశాస్త్రం తనను తాను అలా పంచుకోలేదు. లేవీయకాండం 19లో పొరుగువాణ్ణి ప్రేమించమనే ఆజ్ఞ 18వ వచనం, రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దనేది 19వ వచనం.

మూడోది ఆరోగ్య వాదం. తెలుగు వేదికల మీద దీనికున్నంత ఆదరణ ఇంకే వాదానికీ లేదు. సైన్సు ఇప్పుడు కనుక్కున్నది బైబిలు ఎప్పుడో చెప్పిందన్న మాటకు వెంటనే స్తోత్రాలు పడతాయి. 2020 కరోనాలో లేవీయకాండం 13 క్వారంటైన్ అధ్యాయమైంది. మధ్యయుగ యూదు పండితుడు మైమనిడీస్ అంతటివాడు కూడా ఆరోగ్య కారణాలు చెప్పిన మాట నిజమే. కానీ పంది మాంసంలో జబ్బు ఉందనుకున్నా, ఆ జబ్బు పేతురు దర్శనంతో పోలేదు కదా. ఈ వాదం చేసిన నష్టం మరొకటుంది. 13వ అధ్యాయంలోని లక్షణాలు బట్టలకూ గోడలకూ వస్తాయి, అంటే అది 1873లో హాన్సెన్ సూక్ష్మజీవిని కనుక్కున్న వ్యాధి కాదు. రెంటినీ ఒకటిగా బోధించడంవల్ల అసలే వెలిలో ఉన్న రోగుల మీద దైవశాపపు ముద్ర కూడా పడింది. ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో మొదలుపెట్టిన ఆసుపత్రి లాంటివి రోగాన్ని రోగంగానే చూసి ఆ ముద్రను చెరపడానికి చాలా కష్టపడవలసి వచ్చింది.

నాలుగోది మానవశాస్త్రం తెరిచిన దారి. మేరీ డగ్లస్ 1966లో రాసిన గ్రంథంలో, మురికి అంటే ఉండవలసిన చోట లేనిది అని సూత్రీకరించింది. చెప్పులు వాకిట్లో ఉంటే మురికి కాదు, కంచం పక్కన ఉంటే మురికి. జంతువుల వర్గీకరణలో ఇమడనివే నిషిద్ధాలయ్యాయని ఆమె వాదం. 1999లో ఆమే దాన్ని చాలావరకు సవరించుకుంది. లేవీయకాండం మీద జేకబ్ మిల్గ్రం రాసిన మూడు సంపుటాల వ్యాఖ్యానం (1991–2001) మరో సూత్రం ఇచ్చింది: శవం, రక్తం, వీర్యం, చర్మం కుళ్ళడం, ఈ అశుద్ధులన్నీ మరణానికి గుర్తులు, దేవుని సన్నిధి జీవానికి గుర్తు. మాథ్యూ తీసెన్ 2020లో దీన్ని సువార్తలకు అన్వయించాడు. యేసు శుద్ధి వ్యవస్థను ఎదిరించలేదు, అశుద్ధికి మూలమైన మరణశక్తిని తరిమాడు. స్రావం ఆగింది, చర్మం బాగైంది, చనిపోయిన పిల్ల లేచింది.

ఈ నాలుగింటిలో నాలుగోది పాఠ్యానికి అతి దగ్గరగా నడుస్తుంది. మొదటిది భక్తుల్ని నిలబెట్టింది. రెండోది సంఘ క్రమశిక్షణకు పనికొచ్చింది. మూడోది లేకపోయినా నష్టం లేదు. అయితే నాలుగూ చదివినా తెలుగు విశ్వాసి అసలు ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే వీటిలో ఏదీ మాలగేరి, మాదిగగేరి చూసి పుట్టింది కాదు.

మిషనరీలు పెట్టిన నియమాలు

పద్దెనిమిదో శతాబ్దపు జెస్యూట్ కర్ణాటక మిషన్ తెలుగు జిల్లాల్లో రెడ్లను చేర్చుకున్నప్పుడు కులాచారాలను చాలావరకు ఉండనిచ్చింది. రోము ప్రతినిధి టూర్నన్ 1704లో పుదుచ్చేరిలో ఇచ్చిన శాసనం ఆడపిల్ల సమర్త వేడుకలనూ, ఆచార స్నానాలనూ, పరయల పట్ల చూపే భేదాన్నీ నిషేధించింది. నలభై ఏళ్ళ వాదులాట తర్వాత 1744లో పోప్ బెనెడిక్టు దాన్ని ఖాయం చేశాడు. సమర్త వేడుక మాత్రం ఆగలేదు. ఇప్పటికీ క్రైస్తవ ఇళ్ళలో ప్రార్థన కూటం పెట్టి మరీ చేస్తారు.

1866లో ఒంగోలులో స్థిరపడ్డ బాప్టిస్టు మిషనరీ క్లౌ, యెర్రగుంట్ల పేరయ్య వెంట వచ్చిన మాదిగలకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. యెరూషలేము సభ నియమాలతో పోలిక స్పష్టమే. కానీ చచ్చిన పశువు మాదిగలకు తిండి ఒక్కటే కాదు. తోలు పనికి బదులుగా ఊరితో వాళ్ళకున్న ఒప్పందంలో అది భాగం. దాన్ని వదలడమంటే ఊరి కట్టు తెంచుకోవడమే. రైతులూ కరణాలూ ఊరుకోలేదు, వేధించారు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్రకు వెనక ఈ ఘర్షణ ఉంది. లేవీయకాండం 17లో చచ్చినదాన్ని తిన్నవాడికి విధించింది స్నానం, సాయంత్రం దాకా అశుద్ధి. ఊరు విధించింది తరతరాల అంటరానితనం. మిషన్ నియమం పైకి మొదటిదానిలా కనిపించినా, నిజంగా తలపడింది రెండోదానితో. 1927లో మహద్‌లో అంబేడ్కర్ కూడా చచ్చిన పశువు మాంసం మానమనే చెప్పారు. ఆ సలహా ఆత్మగౌరవమా, పైకులాల అసహ్యాన్ని ఒప్పుకోవడమా అన్న ప్రశ్న 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన బీఫ్ పండుగ నాటికీ సద్దుమణగలేదు.

నంద్యాల ప్రాంతానిది మరో కథ. ఇక్కడ పనిచేసింది ఆంగ్లికన్ల ఎస్‌పీజీ మిషన్. ఆళ్ళగడ్డ దగ్గరి ముత్యాలపాడు దాని పాత కేంద్రం, తర్వాత నంద్యాల. ఎక్కువగా మాలలు చేరారు. 1947లో దక్షిణాది సంఘాలు ఏకమైనప్పుడు ఆంగ్లికన్ పరంపర చెడుతుందని నంద్యాల దూరంగా ఉండిపోయింది, 1970ల్లో గానీ సీఎస్ఐలో కలవలేదు. పరంపర కోసం అంత పట్టుబట్టిన చోటనే తొలి మహిళా బిషప్ పీఠమెక్కడం చరిత్ర చేసిన చమత్కారం.

మరో పాయ స్వదేశీ ఉజ్జీవాలది. ముంగమూరి దేవదాసు 1938లో ఆరంభించిన బైబిలు మిషన్ సన్నిధిలో కనిపెట్టడానికి ముందు ఒప్పుకోలును, హృదయ శుద్ధిని నొక్కి చెప్పింది. భక్తసింగ్ 1941 నుంచి జరిపిన పరిశుద్ధ కూటాలకు మాదిరి లేవీయకాండం 23. తెల్లబట్టలు, ముసుగు, నగలు తీసేయడం ఈ వాతావరణంలోనే విస్తరించాయి. ఈ సంఘాల్లో శుద్ధి అంటే కులం కాదు, నడవడి. గేరి నుంచి వచ్చిన మనిషికి తెల్లబట్ట ఇచ్చిన గౌరవం చిన్నది కాదు. అయితే నడవడిని కొలిచే కొలతలన్నీ ఆడవాళ్ళ ఒంటి మీద, నగలూ జడా చీర దగ్గర, పెట్టడం కూడా ఇక్కడే ఎక్కువైంది.

గడువు లేని మైల

ఈ చర్చలో అత్యంత పదునైన మాట చెప్పింది క్రైస్తవుడు కాదు. అంబేడ్కర్ 1948లో ప్రచురించిన అస్పృశ్యుల చరిత్రలో, పుట్టుక, చావు, ముట్టు వంటివాటితో వచ్చే అశుద్ధి ప్రాచీన సమాజాలన్నిటా ఉందని ఒప్పుకుంటూనే తేడా చూపారు. అక్కడ అది వ్యక్తికి, కొంతకాలానికి, శుద్ధితో పోయేది. ఇక్కడ సమూహానికి, వంశపారంపర్యంగా, ఏ శుద్ధికీ పోనిది. లేవీయకాండాన్ని మనువు పక్కన పెట్టి రెండూ ఒకటేననే తేలిక పోలికకు ఇది జవాబు. ధర్మశాస్త్రాన్ని కులానికి ఆసరాగా వాడుకునే వాళ్ళకూ ఇదే జవాబు.

తెలుగు సంఘం చేసిన పని ఈ తేడాను తలకిందులు చేయడం. గడువున్నదాన్ని, అంటే స్త్రీ అశుద్ధిని, జీవితకాలపు జంకుగా మార్చింది. గడువు లేనిదాన్ని, అంటే కులాన్ని, గుడి లోపల కూడా పెద్దగా కదిలించలేదు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి విచారణ అన్న గుర్తింపులు నేటికీ మాటల్లో ఉన్నాయి. చట్టం సైతం ఈ అయోమయంలో భాగమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అతను ఒక శాతం రిజర్వేషనున్న బీసీ-సీ. బాప్తిస్మంతో అంటరానితనం పోయిందని చట్టం నమ్ముతుంది. ఊరు నమ్మదు.

దళిత క్రైస్తవ ఆలోచన ఈ వైరుధ్యంలోంచి పుట్టింది. 1981లో బెంగళూరులో ఏ.పి. నిర్మల్ చేసిన ప్రసంగం సాధారణంగా దాని ఆరంభంగా చెబుతారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యాక తెలుగునాట దానికి వేరే వేడి వచ్చింది. ఆ ఘటన మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. పైకులం యువకులు పశువుల కుడితి కడుగుతూ తాగేనీటిని మురికి చేస్తుంటే మాదిగపల్లె అడ్డు చెప్పింది. నీటి శుద్ధి గురించి అడిగింది అంటరానివాళ్ళని పిలవబడ్డవాళ్ళు. ఈ ఆలోచనాధార సువార్తను చదివే పద్ధతి స్పష్టం: యేసు అంటరానివాళ్ళను అంటుకున్నాడు, శుద్ధి వ్యవస్థను బద్దలుకొట్టాడు.

తేలనివి

దళిత వేదాంతపు ఈ పఠనం మీదే ఇప్పుడు గట్టి వాదన నడుస్తోంది. ఏమీ-జిల్ లెవీన్ వంటి యూదు పండితులు, తీసెన్ వంటివాళ్ళు ఒక అభ్యంతరం లేవనెత్తారు. మొదటి శతాబ్దపు యూదు మతాన్ని కఠిన అంటరానితనంగా చిత్రించి, యేసును దాని విరోధిగా నిలబెట్టడం చారిత్రకంగా తప్పు, యూదు ద్వేషానికి దారి అని. పరిసయ్యుడిని అగ్రహారీకుడిలా చూపించే తెలుగు ప్రసంగానికి ఇది సూటిగా తగులుతుంది. దళిత చదువరుల వైపు నుంచి జవాబూ బలమైనదే: పాఠ్యం మాకు అందినచోట శుద్ధి పేరు మీద మమ్మల్ని కొట్టారు, మేం చదివేది ఆ దెబ్బతోనే. అంబేడ్కర్ తేడాను ఇద్దరూ ముందు పెట్టుకుంటే చాలావరకు దగ్గరవుతారని అనిపిస్తుంది. యేసు యూదు శుద్ధిని కూల్చకుండానే, కొర్నేలీ ఇంట్లో పేతురు చేసినట్టు, మనుషుల్ని అపవిత్రులనడాన్ని కూల్చవచ్చు. కానీ అలా చదివిన తెలుగు వ్యాఖ్యానాలు ఇంకా వేదిక మీదికి రావలసే ఉంది.

ఈ వాదనలో ఎటూ ఇమడని వాళ్ళు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు. మాదిగ క్రైస్తవ నేపథ్యం నుంచి వచ్చిన బెనె ఎఫ్రాయిం సముదాయం, తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలకు చెందినవాళ్ళమని 1980ల చివరినుంచి చెబుతూ సబ్బాతును, తిండి నియమాలను పాటిస్తోంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీళ్ళ మీద ఒక పుస్తకమే రాశారు. ఊరి మైల నుంచి బయటపడటానికి లేవీయకాండాన్ని వదిలేయడం ఒక దారని క్రైస్తవులనుకుంటే, దానిలోకే నడవడం ఇంకో దారని వీళ్ళనుకున్నారు. గొడ్డుమాంసం వీళ్ళకు ధర్మశాస్త్ర సమ్మతం, పైకులాలకు మైల. పంది మాట వచ్చేసరికి లెక్క మారుతుంది, అది ధర్మశాస్త్రంలోనే నిషిద్ధం.

ముట్టు ప్రశ్నకు బయటనుంచి కొత్త ఒత్తిడి వచ్చింది. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ నెలసరి కారణంగా వెలివేయడాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోని అంటరానితనంతో కలిపి చూశారు. ఆ అంశం తర్వాత పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్ళింది. సంఘాలు మాత్రం ఆ తీర్పును పక్కింటి తగువుగానే చూశాయి. స్త్రీల మైత్రి కూటాల్లో లేవీయకాండం 15ను మొదటినుంచి చివరిదాకా, మగవాళ్ళ వచనాలతో సహా, చదివి మాట్లాడుకుంటారా, లేక ఎవరికి వారు ఆ ఆదివారం కూర్చున్నచోటే కూర్చుంటారా అన్నది నంద్యాల డయాసిస్ లోనే కాదు, దాని చుట్టూ ఉన్న బాప్టిస్టు, క్యాథలిక్, పెంతెకొస్తు సంఘాల్లోనూ ఇంకా ఎవరూ అజెండాలో పెట్టని అంశం.